లోపల తిన్న టైరు: దించిన కారుకు వెనక క్యాంబర్ ఆర్మ్‌లు ఎప్పుడు, ఎలా

నా హోండా సివిక్ కారు వెనక ఎడమ టైరు విప్పాక పంక్చర్ షాపు అన్న దాన్ని నేలమీద పడుకోబెట్టి, లోపలి అంచు నావైపు తిప్పాడు. బయటి నుంచి చూస్తే ఆ టైరు ఇంకో ఏడాది నడిచేలా ఉంది. లోపలివైపు రెండు వేళ్ల వెడల్పులో మాత్రం రబ్బరు పూర్తిగా అయిపోయి తీగలు బయటపడ్డాయి. "తమ్మీ, దీనిమీద ఎక్కడికన్నా దూరం పోయొచ్చినవా?" అని అడిగాడు. ముందు రోజే ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని హన్మకొండ నుంచి హైదరాబాద్ వెళ్లి వచ్చాను. నడి ఎండాకాలం, జనగామ దాటాక బండి వంద మీద ఉంది. ఆ వేడిలో, ఆ వేగంలో ఆ తీగలు తెగి ఉంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ భయమే.

అంతకు ఆరు నెలల ముందు లోయరింగ్ స్ప్రింగులు వేయించి బండిని 35 మిల్లీమీటర్లు దించాను. అలైన్‌మెంట్ (చక్రాల వాలు, దిశ కొలిచి సరిచేయడం) కూడా చేయించాను. చేసినతను ముందు చక్రాలు సరిచేసి, "వెనక సెట్టింగ్ ఉండదు" అన్నాడు. నేను నమ్మాను. టైరు పోయాక తెలిసినవాళ్లందరూ ఒకటే చెప్పారు: క్యాంబర్ ఆర్మ్‌లు (చక్రం నిలువు వాలును, అంటే క్యాంబర్‌ను, సరిచేసే కడ్డీలు) వెయ్యి, అంతా సెట్ అయిపోతుంది. ఆ మాటలో సగమే నిజం. ఆ మిగతా సగం తెలియక డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. దించిన బండి పట్టుకొచ్చి నన్ను అడిగేవాళ్లకు విడివిడిగా చెప్పే మాటలన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు మీ బండి వెనక ఏముందో వంగి చూడండి

స్విఫ్ట్, బలెనో, ఐ20, పోలో, హోండా సిటీ లాంటి బండ్లకు వెనక ట్విస్ట్ బీమ్ ఉంటుంది. ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా ఒకే ఇనుప దూలం. రెండు చక్రాలూ దాని కొనలకే బిగించి ఉంటాయి. ఇలాంటి బండికి క్యాంబర్ ఆర్మ్ అనేదే లేదు, ఎందుకంటే అక్కడ మార్చడానికి ఆర్మే లేదు. ఇంకో సంగతి, బండిని సమానంగా దించినప్పుడు బీమ్ మొత్తం కలిసి పైకి లేస్తుంది కాబట్టి క్యాంబర్ దాదాపు మారదు. అందుకే దించిన పోలో వెనక టైరు లోపల తింటోందంటే స్ప్రింగులను అనుమానించే ముందు బీమ్ వంగిందా, స్టబ్ యాక్సిల్ (చక్రం తిరిగే పొట్టి ఇరుసు) వంగిందా, బేరింగ్ లూజైందా అని చూడాలి. ఏదో ఒక గుంతలో గట్టిగా పడిన చరిత్ర ఆ బండికి ఉండే ఉంటుంది. వంగిన భాగం మార్చాలి. కొద్దిపాటి తేడా అయితే స్టబ్ యాక్సిల్‌కీ బీమ్‌కీ మధ్య ఏటవాలు షిమ్ (పలుచని ముక్క) పెట్టి సరిచేస్తారు. ఇన్నోవా క్రిస్టా లాంటి బండికి వెనక ఉన్నది రిజిడ్ యాక్సిల్, అంటే రెండు చక్రాలకూ ఒకే గట్టి ఇరుసు, దానికీ ఈ కథ వర్తించదు.

క్యాంబర్ ఆర్మ్‌ల అవసరం పడేది ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండ్లకు: 2006లో మన దగ్గరికి వచ్చిన సివిక్, స్కోడా లారా, ఫోక్స్‌వాగన్ జెట్టా, అకార్డ్, బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటివి. వీటి వెనక వంగి చూస్తే ఒక్కో చక్రాన్ని మూడు నాలుగు విడి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఆర్మ్‌లు అమ్మేవాళ్లకు ఫోన్ చేసే ముందు ఒక్కసారి కారు వెనక మోకాళ్లమీద కూర్చోండి. ఆ ఒక్క పనితో సగం మందికి ఖర్చు తప్పుతుంది.

దించితే చక్రం ఎందుకు వాలుతుంది

గోడకు రెండు కర్రలు మేకులతో బిగించారనుకోండి, పైన పొట్టిది, కింద పొడుగుది. రెండింటి బయటి కొనలకు ఒక పలక తగిలించండి. ఇప్పుడు పలకను పైకి ఎత్తితే రెండు కొనలూ గుండ్రంగా తిరుగుతూ లోపలికి వస్తాయి. పొట్టి కర్ర గీసే వంపు బిగువు కాబట్టి పలక పై అంచు ఎక్కువగా గోడవైపు లాగబడుతుంది, కింది అంచు తక్కువ. పలక పైభాగం లోపలికి వాలి నిలబడుతుంది. గోడ మీ కారు బాడీ, కర్రలు పై ఆర్మ్, కింది ఆర్మ్, పలక మీ చక్రం. బాడీని దించినా, చక్రాన్ని ఎత్తినా లెక్క ఒక్కటే. ఈ వాలునే నెగెటివ్ క్యాంబర్ అంటారు.

కంపెనీ ఇంజినీర్లు పై ఆర్మ్‌ను పొట్టిగా పెట్టింది తెలిసే. మలుపులో బాడీ ఒక పక్కకు ఒరిగినప్పుడు బయటి చక్రం కూడా బాడీతోపాటు బయటికి ఒరగబోతుంది. ఆ క్షణంలో పొట్టి ఆర్మ్ దాన్ని లోపలికి లాగి, టైరు రోడ్డుమీద చదునుగా ఆనేలా చేస్తుంది. చాలా మంచి ఆలోచన. మనం స్ప్రింగులు కుదించి, మలుపు కోసం దాచిన ఆ వాలును తిన్నని రోడ్డుమీద కూడా రోజంతా వాడేస్తున్నాం.

క్యాంబర్ మీద నింద, టో చేసే పని

ఇక్కడే అసలు చిక్కుముడి. నెగెటివ్ క్యాంబర్ ఒక్కటే ఉంటే టైరు లోపలి అంచు మెల్లగా, ఏటవాలుగా అరుగుతుంది. మైనస్ 2 డిగ్రీల మీద ఏళ్ల తరబడి నడిచే బండ్లు ఉన్నాయి. నాలాగా ఆరు నెలల్లో తీగలు బయటపడ్డాయంటే అందులో టో చెయ్యి ఉన్నట్టే.

పైనుంచి చూసినప్పుడు చక్రాలు ముందుకు సమాంతరంగా ఉన్నాయా, కాలివేళ్లలా లోపలికో బయటికో తిరిగి ఉన్నాయా అన్నదే టో. బండిని దించితే చాలా డిజైన్లలో క్యాంబర్‌తోపాటు టో కూడా మారుతుంది. టో తప్పిన చక్రం ఒకవైపు చూస్తూ ఇంకోవైపు వెళ్తుంది. మిగిలిన తేడాను రోడ్డుమీద అడ్డంగా ఈడ్చుకుంటూ పూడుస్తుంది. నా ఎడమ వెనక చక్రం టో 0.4 డిగ్రీ తప్పింది. వినడానికి ఎంతో చిన్న అంకె. లెక్క వేస్తే కిలోమీటరుకు 7 మీటర్లు అడ్డంగా రాపిడి. హన్మకొండ నుంచి హైదరాబాద్ సుమారు 145 కిలోమీటర్లు. అంటే ఒక్కసారి వెళ్లేసరికి ఆ టైరును కిలోమీటరు దూరం అడ్డంగా ఈడ్చినంత పని. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు టైరు ఎందుకు చచ్చిందో అర్థమైంది.

మరి అరుగుదల లోపలి అంచులోనే ఎందుకు కనిపిస్తుంది? క్యాంబర్ వల్ల బరువంతా లోపలి అంచు మీద ఉంటుంది. టో ఏ పక్కకు తప్పినా రాపిడి బరువున్న చోటే ఎక్కువ తింటుంది. కోసే కత్తి టో అయితే, మెడను దాని కిందికి పెట్టేది క్యాంబర్. చూసేవాడికి వాలిన చక్రం కనిపిస్తుంది, టో కంటికి కనిపించదు. నింద క్యాంబర్ మీద పడేది అందుకే.

చేత్తో కొంత కనిపెట్టవచ్చు. టైరు చల్లారాక అరచేతిని గీతల మీద లోపలి నుంచి బయటికి, బయటి నుంచి లోపలికి నడపండి. ఒకవైపు నున్నగా, రెండోవైపు రంపం పళ్లలా తగిలితే టో తప్పినట్టు. రెండువైపులా నున్నగానే ఉండి లోపలికి పోయేకొద్దీ గీత తగ్గుతుంటే క్యాంబర్. ఇంకా నికరం కావాలంటే గీత లోతు కొలిచే చిన్న గేజి కొని లోపల, నడుమ, బయట మూడుచోట్లా కొలిచి రాసుకోండి. కార్లకు చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మిల్లీమీటర్లు. అది లోపలి అంచుకూ వర్తిస్తుందని మర్చిపోవద్దు.

ఆర్మ్ కొనేముందు కాగితం

కాబట్టి కొనాల్సింది ముందు ఆర్మ్ కాదు, నాలుగు చక్రాల అలైన్‌మెంట్ కొలత. వెనక చక్రాలకు కూడా టార్గెట్‌లు (కెమెరా చూసే కొలత పలకలు) తగిలించి కొలిచే త్రీడీ మిషన్ ఉన్నచోటికే వెళ్లండి. ఇప్పుడు వరంగల్‌లోనూ కరీంనగర్‌లోనూ అలాంటివి దొరుకుతాయి. "సెట్ చేయకున్నా సరే అన్నా, ముందు నాలుగు చక్రాల కొలతలు ప్రింట్ తీసియ్యి" అని అడగండి. టైర్లలో గాలి సరిగ్గా ఉండాలి, డిక్కీలో మామూలుగా ఉండే సామానే ఉండాలి. సగం ట్యాంకు పెట్రోలు ఉంటే మేలు.

నా కాగితంలో వెనక ఎడమ క్యాంబర్ మైనస్ 2.6, కుడి మైనస్ 2.2, ఎడమ టో 0.4 బయటికి, కుడి టో దాదాపు సున్నా. ఎడమ, కుడి టోలు సమానంగా లేనప్పుడు వెనక ఇరుసు బండిని ఒక పక్కకు నెడుతుంది. దీన్ని థ్రస్ట్ యాంగిల్ అంటారు. అప్పుడు తిన్నగా పోవాలంటే స్టీరింగ్ కాస్త తిప్పి పట్టుకోవాల్సి వస్తుంది. ముందు చక్రాలు ఎన్నిసార్లు సరిచేసినా స్టీరింగ్ నడిమికి రాకపోతే రోగం వెనక ఉంది.

కాగితం చూశాక నిర్ణయం తేలిక. క్యాంబర్ మైనస్ 2 లోపే ఉండి టో మాత్రమే తప్పితే ఆర్మ్‌లు వద్దు. చాలా ఇండిపెండెంట్ బండ్లకు వెనక టో సరిచేసే ఎక్సెంట్రిక్ బోల్టు కంపెనీ నుంచే వస్తుంది. గుండ్రటి వాషర్ మీద గీతలుంటాయి, తిప్పితే ఆర్మ్ జరుగుతుంది. కొన్ని జర్మన్ బండ్లకు క్యాంబర్‌కు కూడా అలాంటి బోల్టే ఉంటుంది, ముందు దాన్ని చివరిదాకా తిప్పి చూడాలి. నాకు "వెనక సెట్టింగ్ ఉండదు" అన్నతను నిజానికి జంగు పట్టి బిగుసుకుపోయిన బోల్టు చూసి ఆ మాట అన్నాడు. పదేళ్లు దాటిన బండిలో ఆ బోల్టు బుష్ (ఆర్మ్ కొనలో బోల్టు చుట్టూ ఉండే జాయింట్) లోపలి గొట్టానికి అతుక్కుపోతుంది. ముందు రోజు రాత్రి జంగు వదిలించే నూనె కొట్టి నానబెట్టాలి, వేడి చేయాలి, ఆఖరికి కోసి కొత్తది వేయాల్సి రావచ్చు. ఆ చాకిరీ ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ దాన్ని తప్పించుకుంటే ఆర్మ్‌లు వేసినా ప్రయోజనం లేదు. ఎందుకంటే క్యాంబర్ మార్చగానే టో కదులుతుంది, ఆ టోను తిరిగి సరిచేయాల్సింది ఆ బోల్టుతోనే.

క్యాంబర్ మైనస్ 2 దాటిపోయి, కంపెనీ బోల్టుతో వెనక్కి రాకపోతేనో, ఎడమ కుడి తేడా అర డిగ్రీ దాకా ఉంటేనో అప్పుడు ఆర్మ్‌లు.

ఏ ఆర్మ్

రకాలు ముఖ్యంగా రెండు. ఒకటి స్లైడింగ్ రకం, రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి జరిగి బోల్టులతో బిగుస్తాయి. రెండోది టర్న్‌బకిల్ రకం, ఒక కొన కుడి మర, ఇంకో కొన ఎడమ మర, నడుమ రాడ్డును తిప్పితే రెండు కొనలూ ఒకేసారి దూరం జరుగుతాయి. నేను రెండో రకానికే ఓటు వేస్తాను. స్లైడింగ్ రకం బోల్టుల బిగువు మీదే ఆధారపడుతుంది, గట్టి గుంతలో పడితే జారే అవకాశం ఉంది. టర్న్‌బకిల్‌లో బరువును మరలే మోస్తాయి. పైగా బండికి ఉంచే సన్నసన్నగా తిప్పుకోవచ్చు.

ఎంత తిప్పాలో ఒక చిన్న లెక్క. పై ఆర్మ్ బోల్టుకీ కింది ఆర్మ్ బోల్టుకీ మధ్య ఎత్తు 250 మిల్లీమీటర్లు అనుకుంటే, పై ఆర్మ్ 1 మిల్లీమీటరు పొడుగైతే క్యాంబర్ 0.23 డిగ్రీ మారుతుంది. మరలో ఒక గాడికీ పక్క గాడికీ మధ్య దూరం 1.5 మిల్లీమీటర్లయితే టర్న్‌బకిల్ ఒక చుట్టుకు 3 మిల్లీమీటర్లు, అంటే 0.7 డిగ్రీ దగ్గర. నాకు కావాల్సింది 1.2 డిగ్రీ, రెండు చుట్లు కూడా పట్టలేదు. అందుకే "ఇరవై డిగ్రీలు అడ్జస్ట్ అవుతుంది" అని గొప్పలు చెప్పే ఆర్మ్ మీకు అక్కర్లేదు. కావాల్సింది గట్టి వెల్డింగు, మందమైన మర, దొరికే బుష్.

అన్నిటికంటే ముఖ్యం బుష్. మూడు రకాలున్నాయి. రబ్బరు బుష్ మెత్తన, చప్పుడు ఉండదు. పాలీయురేథేన్ బుష్ గట్టిది, ఎక్కువకాలం వస్తుంది, కానీ గ్రీజు ఎండితే కిర్రుమంటుంది. దానికి వేసేది సిలికాన్ గ్రీజే అయి ఉండాలి. మూడోది పిల్లోబాల్, ఇనుప గోళం జాయింట్. రేసు ట్రాకులో అది రాజు. మన దగ్గర మాత్రం నేను వద్దంటాను. కరీంనగర్ దారిలో గ్రానైట్ లారీల వెనక పది నిమిషాలు నడిపితే అద్దం మీద ఎంత దుమ్ము పేరుకుంటుందో మీకు తెలుసు. వానాకాలం ఆ దుమ్మే బురదై జాయింట్‌లోకి పోతుంది. గోళం అరిగి ప్రతి గుంతలో టక్ టక్ మంటుంది. రోజూ నడిపే బండికి రబ్బరు, గట్టిగా నడిపేవాళ్లకు పాలీ. హార్డ్‌రేస్, ఎస్‌పీసీ, వైట్‌లైన్ లాంటి పేరున్న కంపెనీల సరుకు బయటి దేశాల నుంచి తెప్పించుకోవాలి. కొనేటప్పుడే బుష్ విడిగా దొరుకుతుందా అని అడగండి. బుష్ దొరకని ఆర్మ్ ఎంత చవకగా వచ్చినా బుష్ పోయిన రోజున చెత్తే.

ఇంకో మాట కూడా చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండిని కంపెనీ ఇచ్చిన స్వరూపం నుంచి మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణలో అనుమతి లేని ప్రతి మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. బండి దించే ముందే ఇది తెలుసుకుని ఉండాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే రేపు క్లెయిము దగ్గర ఇబ్బంది పడేది మీరే.

బిగించడం

బండిని చదునైన చోట నిలిపి, నాలుగు చక్రాలకూ హబ్ (చక్రం బిగించే నడిమి భాగం) నడుమ నుంచి ఫెండర్ (చక్రం పైన ఉండే బాడీ రేకు) అంచు దాకా ఎత్తు కొలిచి రాసుకోండి. ఈ అంకె తర్వాత ప్రాణంలా పనికొస్తుంది. చక్రం బోల్టులు నేలమీదే కాస్త లూజు చేసి, జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలబెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరవద్దు, ఎవరు తొందరపెట్టినా సరే.

ఆర్మ్ విప్పే ముందు హబ్ కింద రెండో జాకీ ఆనించాలి. లేకపోతే హబ్ వాలిపోయి బ్రేకు గొట్టం, ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) వైరు లాగబడతాయి. మీరు విప్పబోయే ఆర్మ్ మీద స్ప్రింగు కూర్చుని ఉందేమో ముందే చూసుకోండి. సివిక్ పై ఆర్మ్ మీద ఉండదు, కానీ కొన్ని బండ్లలో కింది ఆర్మే స్ప్రింగును మోస్తుంది. అలాంటిదాన్ని స్ప్రింగు కంప్రెసర్ (స్ప్రింగును నొక్కి పట్టే పరికరం) లేకుండా ఇంట్లో ముట్టుకోవద్దు.

పాత ఆర్మ్ బోల్టు రంధ్రాల నడుమ దూరం కొలిచి, కొత్తదాన్ని అంతే పొడుగుకు పెట్టి, లెక్క ప్రకారం కావాల్సిన మిల్లీమీటర్లు కలపండి. రెండు కొనల్లోనూ మర సమానంగా లోపల ఉండాలి. మర మందం ఎంతో కనీసం అంత పొడుగు లోపల పట్టి ఉండాలి, ఒకటిన్నర రెట్లుంటే ఇంకా మంచిది.

ఇక చాలామంది చెడగొట్టేది ఈ తర్వాతి మెట్టు. రబ్బరు బుష్ లోపల ఉన్న గొట్టానికి రబ్బరు అతికించి ఉంటుంది. ఆర్మ్ కదిలినప్పుడు అది జారదు, మెలి తిరుగుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బోల్టు బిగిస్తే, బండిని కిందికి దించగానే రబ్బరు మెలిపడి రోజంతా అలాగే ఉంటుంది. కొన్ని నెలల్లో చిరుగుతుంది, బండి ఎత్తు కూడా కొంచెం తప్పు చూపిస్తుంది. కాబట్టి హబ్ కింది జాకీని లేపుతూ, ముందు రాసుకున్న హబ్-ఫెండర్ ఎత్తు వచ్చాక ఆపి, అప్పుడు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించాలి. పానాకు పైపు తొడిగి బలంకొద్దీ బిగించేవాళ్ల చేతిలో మంచి ఆర్మ్ కూడా ఎక్కువకాలం బతకదు.

చక్రం ఎక్కించాక జాకీతో పూర్తిగా పైకి నొక్కి చూడండి, ఆర్మ్ ఎక్కడా బాడీకి, స్ప్రింగుకు తగలకూడదు. టైరు పై అంచు 1.2 డిగ్రీకే 8, 9 మిల్లీమీటర్లు బయటికి వస్తుంది. వెడల్పు రిమ్ములు వేసినవాళ్లకు టైరు ఫెండర్ అంచును గీకేది ఇక్కడే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తుతో వాలుగా ఉండాలి. మన కాలనీల్లో ఊరివాళ్లు పోసుకున్నవి గోడల్లా ఉంటాయి. వెనక సీట్లో ముగ్గురితో అలాంటిది దాటినప్పుడు మీ ఫెండర్ ఏమంటుందో అలైన్‌మెంట్‌కు పోకముందే వినండి.

ఒకటి రెండు కిలోమీటర్లు నడిపి సస్పెన్షన్ కుదురుకున్నాక అలైన్‌మెంట్. వరస మారకూడదు: ముందు వెనక క్యాంబర్, తర్వాత వెనక టో, ఆఖరికి ముందు చక్రాలు. క్యాంబర్‌ను సున్నాకు తేవాలని పట్టుబట్టేవాళ్లుంటారు. వద్దు. కంపెనీ కూడా వెనక కొంత నెగెటివ్ పెట్టేది మలుపులో తోక పట్టు తప్పకుండా ఉండడానికే. వానలో ములుగు రోడ్డు మలుపుల్లో సున్నా క్యాంబర్ వెనక చక్రాలు మీకంటే ముందు తిరగాలని చూస్తాయి. మైనస్ 1 నుంచి 1.5 మధ్య, ఎడమ కుడి తేడా 0.3 లోపు, టో కొద్దిగా లోపలికి, రెండువైపులా సమానంగా. రోడ్డు బండికి ఇది చాలు.

నా రెండో కాగితంలో ఎడమ మైనస్ 1.4, కుడి మైనస్ 1.3, టో రెండువైపులా 0.08 లోపలికి వచ్చాయి. ఆర్మ్ రాడ్డు తిరగకుండా పట్టే లాక్ నట్లు బిగించి, నట్టు మీద నుంచి రాడ్డు మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీశాం. రెండు వందల కిలోమీటర్ల తర్వాత కింద దూరి చూస్తే కుడివైపు గీత తప్పి ఉంది, నట్టు లూజైంది. మళ్లీ బిగించి, మళ్లీ కొలిపించాను. ఆ తర్వాత నెలకొకసారి టార్చి పట్టుకుని ఆ గీతలు చూస్తున్నాను, గేజితో మూడుచోట్లా లోతు కొలుస్తున్నాను. పోయిన వారం ఎడమ వెనక టైరు లోపల 6.1, నడుమ 6.3, బయట 6.4 మిల్లీమీటర్లు చూపింది.